జహేదా టాకీస్ జనానా పర్దా

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు పోయే పాత దారిలో జహేదా టాకీస్ అని ఒక హాలుంది. పగలు దాని ముందు ఆటోలు ఆగుతాయి, మక్కకంకులు కాలుస్తారు, గోడకు ఆనుకుని పంక్చర్లు వేస్తారు. పొద్దుగూకిందా... ఇక అంతే. ఎంత తాగుబోతైనా ఆ గోడ వెంట నడవడు, తూలుకుంటూ రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాడు. తాగినవాడికి తెలివి తెప్పించే చోటు ఈ చుట్టుపక్కల అదొక్కటేనని అక్కడివాళ్ల వేళాకోళం.

వేళాకోళమంతా పగటిపూటే.

రాత్రయితే ఆ హాల్లోంచి పర్దా లాగిన చప్పుడు వస్తుందట. ఇనుప కడ్డీ మీద ఇత్తడి రింగులు జరిగే చప్పుడు — సర్ర్ర్‌మని. ఆటలు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. తెర చినిగిపోయింది, మిషను ఎవరో పట్టుకుపోయారు. మరి పర్దా ఎవరు లాగుతున్నట్టు?

జహేదాయే లాగుతుందంటారు. హాలు కట్టించిన పెద్దాయన దానికి తన బిడ్డ పేరు పెట్టుకున్నాడు. పేరు పెట్టడమే కాదు, హాలును కూడా ఆమె పేరునే రాశాడు. ఆమె పెళ్లయి బీదరు పోయి, అక్కడే కన్నుమూసిందట. ప్రాణం అక్కడ పోయినా మనసు ఈ హాల్లోనే ఉండిపోయిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఈ మాట మొదట ఎవరన్నారో మాత్రం ఎవరూ అడగలేదు. దెయ్యం కథకు పుట్టిల్లు ఎక్కడని ఎవరు వెతుకుతారు?

ఆ హాలుకు విలువ కట్టడానికి పోయిన సరళకు ఎదురైన సంగతి ఇది. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

సరళది మచ్చ బొల్లారం. ఇళ్లకూ స్థలాలకూ విలువ కట్టడం ఆమె పని. ఆ పని నేర్పింది పేట్ బషీరాబాద్‌లో ఆఫీసు నడిపే వెంకటనర్సయ్య సారు. గోడ మీద వేలితో కొట్టి లోపల రాయో మట్టో చెప్పడం, తలుపు వాసన చూసి టేకు అవునో కాదో పట్టడం, అన్నీ ఆయన చేతి చలవే. నాయిన లేని పిల్ల. ఆయన నోటారా ‘బిడ్డా’ అని పిలిస్తే ఆ పూట అన్నం తినకపోయినా సరళకు కడుపు నిండేది.

ఆయనకు ఒక అలవాటుంది. జేబులో ఎప్పుడూ వక్కలుంటాయి. గట్టి మాట ఏదైనా చెప్పబోయే ముందు ఒక వక్క పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు — కటుక్కు! ఆ చప్పుడు వింటే ఆఫీసులో అందరూ తలలెత్తుతారు.

ఆ రోజు కూడా కటుక్కుమంది.

“బిడ్డా, జహేదా టాకీస్ రిపోర్టు నువ్వే రాయాలె. సంతకం గూడ నీదే.”

“నాదా సార్?”

“ఇంకెన్నేండ్లు నా ఎనకాల సంచి మోస్తవ్? పాతకాలం బిల్డింగు. నీ పేరు మీద మొదటి రిపోర్టు గసుంటిదాని మీద ఉంటే పేరొస్తది.”

సరళకు కళ్లు చెమ్మగిల్లాయి. వంగి ఆయన కాళ్లకు మొక్కింది.

“లోపలికి పోవుడు అక్కర్లే,” అన్నాడాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి. “పాములుంటయ్. బయట నుంచి ఫొటోలు తియ్యి. హాలు ఖాళీగ ఉంది, అండ్ల ఎవ్వలు ఉంటలేరు, కట్టడానికి మల్బా విలువ తప్ప ఇంకేం లేదు అని రాయి. గంతే.”

మల్బా అంటే కూలగొట్టాక మిగిలే రాయీ రప్పా. హాలును గోదాములు కట్టేవాళ్లకు అమ్మాలని చూస్తున్నది జహేదా తమ్ముడు వహాబ్. అక్క చచ్చిపోయింది, పిల్లల్లేరు, కాబట్టి హక్కు తనదేనంటున్నాడు. ఖాళీ కట్టడం, మల్బా అని ఒక్క సంతకం పడితే చాలు. జేసీబీ వచ్చి నిలబడడమే తరువాయి.

కానీ సరళ మనసొప్పలేదు. ఆ హాలు పేరు ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. వాళ్లవ్వ ఈదమ్మ చెప్పే ముచ్చట్లలో సగం జహేదా టాకీస్‌వే. అలాంటి హాలు మీద, తన పేరుతో మొదటి రిపోర్టు, లోపల చూడకుండా రాయడమా? పెళ్లికూతురి ముఖం చూడకుండా తాంబూలాలు పుచ్చుకున్నట్టు ఉంటుందనుకుంది. గేటు తాళంచెవి ఆఫీసులోనే ఉంది. సంచిలో వేసుకుని బయల్దేరింది.

కొంపల్లి దగ్గర లారీలు బారులు తీరి ఆగిపోయాయి. ఆమె హాలు ముందు బండి ఆపేసరికి చీకటి పడింది. రోడ్డుకు అవతల సోమయ్య హోటల్లో మాత్రం లైటు వెలుగుతోంది. సోమయ్య చాయ్ గంటె చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు.

“పొద్దుగూకింది మేడం. రేపు రారాదుండ్రి.”

“రేపు పొద్దుగాల రిపోర్టియ్యాలె తాతా. జెర్రంత సూసి వస్త.”

“గా పర్దా సప్పుడు నేనిన్న... నా సెవులతోని.” సోమయ్య గొంతు తగ్గించాడు. “సిన్నప్పుడు గా హాల్ల పల్లీలమ్మిన నేను. జహేదమ్మ పర్దా సందు నుంచి సెయ్యి బయటవెట్టి పొట్లం తీస్కునేది. ముఖమైతే ఎవ్వలం సూడలె. గొంతు మాత్రం ఇప్పటికీ యాదికున్నది. ఏం మనాది, ఏం బెంగ వెట్టుకొని పోయిందో, పాపం...”

సరళ నవ్వి గేటు తీసింది. ఆ నవ్వు సగం బలవంతపుదే.

లోపల గబ్బిలాల కంపు. ఫోన్ టార్చి వేసింది. వెలుగు పడిన చోటల్లా ధూళి... కుర్చీల ఇనుప కాళ్లు... బాల్కనీకి టేకు కటకటాలు. గోడకు వేలితో కొట్టింది. ఖంగుమంది. సున్నపు గచ్చు, అద్దంలా నున్నగా ఉంది, వెంట్రుకంత బీట లేదు. ఇదా మల్బా? సారు ఒక్కసారి లోపలికొచ్చి చూస్తే ఆ మాట అనకపోవును అనుకుంది. పాపం, పెద్దాయన, వహాబ్ చెప్పింది నమ్మినట్టున్నాడు.

ఎడమ పక్కన ఎత్తయిన చెక్క అడ్డం. దాని మీద ఇనుప కడ్డీ. కడ్డీకి బరువైన నల్ల పర్దా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అదే జనానా — ఆడవాళ్లు కూర్చునే భాగం.

అంతటా ధూళి ఉంది... ఆ పర్దా మీద మాత్రం లేదు.

సరళ అది చూసింది. చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఇక కప్పు ఒక్కటే మిగిలింది. రేకుల కప్పుకు చిల్లులున్నాయో లేవో చూడాలంటే సారు నేర్పిన కిటుకు ఒకటుంది. తలుపులు మూసి, లైటు ఆర్పి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా నిలబడాలి. బయటి వెలుతురు చిల్లుల్లోంచి చుక్కల్లా మెరుస్తుంది. రోడ్డు అవతలి గోదాము పెద్ద లైట్లు ఎలాగూ ఉన్నాయి. ఆమె తలుపు దగ్గరగా వేసి, టార్చి ఆర్పి, తలెత్తింది.

ఒక్క చుక్క లేదు. కప్పు గట్టిగా ఉంది.

సంతోషంగా ఊపిరి పీల్చుకుంది... అప్పుడు —

సర్ర్ర్...

ఎడమ పక్క నుంచే. తీరిగ్గా, రింగు వెనక రింగు.

గబుక్కున టార్చి నొక్కింది. సర్ర్ర్! వెలుగు పర్దా మీద పడేసరికి అది మూసే ఉంది. అడుగంచు మాత్రం ఇంకా ఊగుతోంది.

ఎలుక... గాలి... అనుకుంది. గాలి ఎక్కడిది? తలుపు మూసింది తనే కదా!

వెనక్కి అడుగేసింది. కాలు కుర్చీ కాలికి తగిలి వెల్లకిలా పడింది. ఫోను ఎగిరి, టార్చి నేలకు ఆనేలా పడింది. వెలుగు మాయం. చీకటి —

సర్ర్ర్...

పాక్కుంటూ పోయి ఫోను దొరకబుచ్చుకుని తిప్పింది. వెలుగు.

సర్ర్ర్!

మూసుకుపోయింది. చీకటైతే తెరుచుకుంటోంది. వెలుగైతే మూసుకుంటోంది. అలా నేల మీద పడి ఉన్నప్పుడే, ఎందుకో మరి, అవ్వ ఈదమ్మ మాట వచ్చి చెవిలో పడింది.

‘దీపాలున్నంత సేపు పర్దా ఏసుండాలె బిడ్డా. దీపాలారినంకనే తీసేది. ఆట ఒడిసి దీపాలు రాకముందే మల్ల సర్రున లాగేది. మొగోళ్లు సినిమా సూసేటోళ్లే గని, ఇటు దిక్కు ఒక్క ఆడిదాని ముఖం సూసేటోళ్లు గాదు.’

సరళ లేచి కూర్చుంది. దీపానికి ముఖం దాచుకుంటోంది... దెయ్యానికి పర్దా ఎందుకు? దాక్కునేది సిగ్గూ శరమూ ఉన్న మనిషే గదా!

ఈసారి టార్చి తనే ఆర్పింది.

సర్ర్ర్...

“నేను ఆడిదాన్నే,” అంది చీకట్లోకి. “ఒక్కదాన్నే ఉన్న. మొగోళ్లు ఎవ్వలు లేరు.”

తర్వాత సన్నని గుసగుస —

“దర్వాజ మంచిగ పెట్టినవా, బేటీ?”

దెయ్యం కాదు. ముసలావిడ. జనానా బెంచీ మీద ఒదిగి కూర్చుని ఉంది. సరళ తడుముకుంటూ దగ్గరికి పోయింది. ఒక ఎండిన చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది ఆ చెయ్యి.

“మీరెవరమ్మా?”

“హాలు మీద రాసుంది గద నా పేరు.”

జహేదా తన కథ చెప్పింది. భర్త పోయాక ఒక రాత్రి తమ్ముడే కారులో బీదరు నుంచి తీసుకొచ్చాడు. జనానా వెనక గదిలో ఉంచాడు. ఆ వైపు సందుకు గోడ కట్టించాడు, ఇప్పుడు ఆ సందు వాళ్లింటి పెరట్లోకే తెరుచుకుంటుంది. రెండు పూటలా తిండి అక్కడి నుంచే వస్తుంది. మోకాళ్ల నొప్పులతో దూరం నడవలేదు, బయటికి పోయే పనీ లేదు. రాత్రి నమాజు అయ్యాక వచ్చి ఇక్కడ కూర్చుంటుంది.

“అబ్బాజాన్ నా కోసం కట్టిండు బేటీ. అప్పుడు సుత గీ బెంచీ మీదనే కూసునేది. దీపం కనవడితే చెయ్యి దానంతట అదే పర్దా మీదికి పోతది.” గొంతులో చిన్న నవ్వు. “వహాబ్ మంచోడు. రిపేర్ జేపిచ్చి మల్ల తెరుస్తడట. మొన్న ఒక పెద్దసారు గూడ వచ్చిండు. పర్దా అవతల కూసోని నా చేతి చాయ్ తాగిండు. ‘అమ్మా, నీ పేరున్న గోడ ఒక్కటి గూడ పడది’ అన్నడు. ఆయన పంపిచ్చిండా నిన్ను?”

వహాబ్ ఎవరో పెద్దమనిషిని పట్టుకొచ్చి ఈ ముసలావిడను మభ్యపెట్టాడనుకుంది సరళ. చెప్పాలా వద్దా అని తడబడింది. చెప్పకపోతే రేపో మాపో జేసీబీ చెబుతుంది.

“అమ్మా... హాలు తెరుస్తలేరు. కూలగొడుతరు. నువ్వు సచ్చిపోయినవని చెప్పిండు నీ తమ్ముడు. ఊరంతా గదే అనుకుంటాంది. నువ్వు పర్దా లాగితే... దెయ్యం అంటున్నరు.”

పట్టుకున్న చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది.

“నేను... సచ్చిపోయిన్నా?”

ఆ మాట అడిగిన తీరుకు సరళకు ఏడుపొచ్చింది. చచ్చినవాళ్లు దెయ్యాలవుతారని విన్నాం. బతికున్న మనిషిని దెయ్యం చెయ్యడం ఎక్కడైనా ఉందా? ఉంది. దెయ్యానికి హక్కుండదు. దెయ్యం సంతకం ఎవరూ అడగరు. అది కేక పెట్టినా జనం రోడ్డు దాటి అవతలి పక్కకు పోతారు తప్ప, ఎవరమ్మా అని తలుపు కొట్టరు. తోడబుట్టినవాడు అంత లెక్క వేశాడు. రోజూ ఆమెకు అన్నం పంపిస్తూనే వేశాడు.

సరళకు ఆ క్షణంలో తోచిన దిక్కు ఒక్కటే. ఫోను చేసింది.

“సార్! వహాబ్ మనల్ని మోసం చేసిండు. జహేదమ్మ బతికే ఉన్నది. నా ముందల్నే ఉన్నది.”

అవతల సారు గొంతు తగ్గించాడు.

“ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఆడనే ఉండు. నేనొస్తున్న.”

సరళకు కొండంత ధైర్యం వచ్చింది. “మా సారు వస్తున్నడమ్మా. నాకు తండ్రి లెక్క. ఇగ నీకేం భయం లేదు.”

“రానియ్యి. నా ముఖం మాత్రం ఎవ్వలకు సూపియ్యకు బేటీ. ఇన్నేండ్లు దాసుకున్న. పర్దా నువ్వు తియ్యకు.”

“తియ్యనమ్మా. ఒట్టు.”

కారు లైట్లు తలుపు సందుల్లోంచి హాల్లోకి పడ్డాయి. సర్రున పర్దా మూసుకుంది. వెంకటనర్సయ్య సారు కారు లైట్లు ఆర్పి, పెద్ద టార్చి పట్టుకుని లోపలికొచ్చాడు. వెనకే వహాబ్. నిలదీయడానికి తీసుకొచ్చి ఉంటాడనుకుంది సరళ. ఆ వెనక, ఓరగా వేసిన తలుపు దగ్గర, సోమయ్యా హోటల్లో చాయ్ తాగుతున్న ఇంకో ఇద్దరూ గుమిగూడి లోపలికి తొంగి చూస్తున్నారు.

“ఏందమ్మా, రాత్రిపూట దొంగల లెక్క?” వహాబ్ గొంతు హాలంతా మోగింది. “మా అక్క పోయి ఏండ్లాయె. బీదర్ల నేనే... గీ చేతులతోని మట్టిచ్చిన.”



సారు సరళ దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. “భయపడ్డవ్ బిడ్డా. దెయ్యం పేరున్న జాగ. మనసుకు గట్లనే అనిపిస్తది. గీడ ఎవ్వలు లేరు.”

“మాట్లాడిన సార్. చెయ్యి పట్టుకున్న.”

“పా, ఇంటి కాడ దిగవెడ్త. రేపు సంతకం పెట్టు, అయిపోతది.”

పెద్దాయన నమ్మట్లేదు అనుకుంది సరళ. వింటే నమ్ముతాడు. టార్చి కోసం చెయ్యి చాచింది. ఎప్పుడూ ఆయన చేతిలోని సామాను అందుకునే అలవాటు కదా, ఆయన కూడా అలవాటుగానే టార్చిని వదిలాడు. “ఒక్క నిమిషం సార్,” అని దాన్ని ఆర్పేసింది.

కటిక చీకటి.



సర్ర్ర్...

తలుపు దగ్గర ఇద్దరు పరుగు తీశారు. సోమయ్య కాళ్లు మాత్రం కదల్లేదు.

“వహాబూ...”

తమ్ముడితో ఎప్పుడూ ఉర్దూలో మాట్లాడే మనిషి. అందరికీ తెలియాలనేమో, తెలుగులోనే అంది.

“ఏ ఖబ్రస్తాన్ల, ఏ గోరీల పెట్టినవ్ నన్ను, తమ్మీ? చెప్పు. నేను గూడ పోయి ఫాతెహా సదువుకుంట.”

సోమయ్యే ముందుగా తేరుకున్నాడు.

“అయ్యో! గిది... గిది జహేదమ్మ గొంతే! తల్లీ, నేను సోమయ్యను! పల్లీల సోమయ్యను!”

“ఎరుకే. ఉప్పు తక్వేసేటోనివి.”

సోమయ్య భోరుమన్నాడు. అదీ సాక్ష్యం. ఇక ఏ కాగితం మీద ఏం రాసినా ఆమెను చంపలేరు. సరళ చీకట్లో సారు నిలబడ్డ వైపు తిరిగింది.

“ఇన్నరా సార్? నేను చెప్పలే?”

ఆయన ఏదో గట్టి మాట చెప్పబోయాడు. అలవాటు ప్రాణం కంటే పాతది —

కటుక్కు.

జనానాలో బెంచీ కిర్రుమంది. ముసలావిడ ముందుకు వంగినట్టుంది. పర్దా చాటు ఆడవాళ్లు మగవాళ్ల ముఖాలు చూడరు. చెవులతోనే మనిషిని గుర్తుపెట్టుకుంటారు.

“గీ సప్పుడు నాకెరుకే,” అంది జహేదా, మెల్లగా. “సారూ, మొన్న నా చాయ్ తాగంగ గూడ గిట్లనే కొరికినవ్ గద... గప్పుడు నేను బతికే ఉంటి గద?”

సారు నోట్లో వక్క నలగడం ఆగిపోయింది.

తన పేరు మీద మొదటి రిపోర్టు... సంతకం నీదే బిడ్డా... లోపలికి పోవుడు అక్కర్లే... అన్నీ ఒక్కొక్కటే వచ్చి సరళ గుండెకు తగిలాయి. రేపు ఈ సంగతి బయటపడితే దొరికేది తనే. ఆయన కాదు. ఆ కాళ్లకు తను మొక్కింది.

“బిడ్డా...” చీకట్లోంచి వచ్చింది ఆయన గొంతు. ఎన్నడూ వినని చిన్న గొంతు. “టార్చి వెయ్యి బిడ్డా.”

ఆమె బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కితే పర్దా మూసుకుంటుంది. నొక్కితే ఆయన ముఖం కనబడుతుంది.

సరళ నొక్కలేదు.